ఒకే కిటికీ, రెండు చేతులు

పోయిన వారం మనం తూనీగని మెట్ల మీద వదిలేశాం. రెండు చేతుల్తో తన ఎత్తున్న కాన్వాస్ పట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ, కింది మెట్టు కనపడక కాలితో తడుముకుంటూ దిగుతోంది పాపం. ఆమె వెనక పై హాల్లో చిత్రకారులంతా తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయారు.

ఉండిపోరా మరి? ఆ హాలుకి ఒక పద్ధతి ఉంది. ప్రతి శనివారం ఎవరో ఒకరి బొమ్మ గోడకెక్కుతుంది. బొమ్మ ఎవరిదో వాళ్ళు ముక్కాలి పీట మీద, అందరికీ వీపు పెట్టి, ఎదుటి సున్నం గోడని చూస్తూ కూర్చోవాలి. మిగతావాళ్ళు తోచింది చెప్తారు. పీట మీద ఉన్నవాళ్ళు తల తిప్పకూడదు, మాట్లాడకూడదు, చివరికి ‘ఊఁ’ కూడా కొట్టకూడదు. మీసాలు నెరిసినవాళ్ళు కూడా ఆ పీట మీద చెవులు ఎర్రబడేదాకా బుద్ధిగా కూర్చున్నవాళ్ళే. అలాంటి పీట మీంచి తూనీగ ఒక్క ఉదుటున లేచిపోయింది. కారణం ఒకే ఒక్క మాట. తూనీగ ప్రాణం పెట్టి వేసిన బొమ్మ అది, బట్టలు కుట్టుకునే వాళ్ళమ్మ బొమ్మ. దాన్ని అందరికంటే ఎక్కువసేపు చూసి, ఆ హాలుని నడిపే పెద్దమ్మ నెమ్మదిగా అంది: “ముఖం బాగుంది. కానీ ఈవిడ కుట్టడం లేదు.”

అంతే. “మీకు కళ్ళు కనపడవు!” అని అరిచేసి, బొమ్మ గోడ మీంచి పీక్కుని వచ్చేసింది మన పిల్ల.

పెద్దమ్మ అంటే ఎవరికీ సొంత పెద్దమ్మ కాదు. అందరూ అలా పిలుస్తారు, చాటుగా మాత్రం ‘కత్తెర’ అంటారు. పైగా ఊళ్ళో జరగబోయే పెద్ద ప్రదర్శనకి బొమ్మలు ఏరే ముగ్గురిలో ఆవిడ ఒకరు. ఆ ప్రదర్శనలో కొత్తవాళ్ళకి ఉండేది ఒక్కటే చోటు. తూనీగ ఆ అమ్మ బొమ్మనే ఫోటో తీసి పంపింది. ఫలితం ఈ వారమే చెప్తారు. ఏరేవాళ్ళలో ఒకరికి కళ్ళు కనపడవని ముఖం మీదే అనేశాక ఇక ఆ చోటు ఎవరికి దక్కుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు కదా!

ఇక ఈ వారం.

బొమ్మ ఇంట్లో వెనక గదిలో మంచానికి ఆనుకుని ఉంది. వదిన అటు వెళ్ళినప్పుడల్లా, ఇటు వచ్చినప్పుడల్లా దాని ముందు ఆగుతోంది.

“అబ్బబ్బ, ఏం వేశావమ్మాయ్! అత్తయ్య బుగ్గ చూడు, గిల్లితే ఎర్రబడేట్టుంది!”

వదిన మనసు బంగారం. అందులో అనుమానం లేదు. కాకపోతే ఆవిడ పొగడని వస్తువు ఈ భూమ్మీద లేదు. పోయినేడు తూనీగ చేయి అలవాటు కావడానికి నీళ్ళ బకెట్టు బొమ్మ వేస్తే, “ఎంత ముద్దుగా ఉందో” అంది. పాలు మాడిపోయినా “వాసన బానే ఉందిలే” అనే మనిషి.

“వదినా, ఒక్క మాట చెప్పు. బొమ్మ ఎలా ఉంది?”

“అద్భుతం.”

“నిజంగా?”

“ఒట్టు. అద్భుతానికి అమ్మమ్మ.”

రోజుకి ఎన్ని అద్భుతాలు మింగినా తూనీగ కడుపు నిండడం లేదు. ‘ఈవిడ కుట్టడం లేదు’ అన్న ముక్క మాత్రం పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది. నాలుకతో ఎంత తోసినా రాదు. అన్నం తింటుంటే అదే, జడ వేసుకుంటుంటే అదే. ఒక్కచోట నిలవదని చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన పేరు తూనీగ. ఈ వారం మాత్రం ఆ పిల్ల మంచం అంచున కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ గోడలు చూసింది. చివరికి చెప్పులేసుకుంది.

“ఎక్కడికే?” అంది వదిన.

“కత్తెర దగ్గరికి. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా కదలను.”

“వెళ్ళు వెళ్ళు, నువ్వు మాట్లాడితే ఎంత బాగుంటుందో!” అంది వదిన. ఆవిడ అలవాటు ఆవిడది.

*

హాలు కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టు. మెట్లు ఎక్కడం మొదలుపెట్టినప్పుడు గ్రీజు వాసన, పైకి వెళ్ళేసరికి రంగులు కరిగించే టర్పెంటైన్ వాసన. మధ్యలో ఒక మెట్టు దగ్గర రెండూ కలిసి తల తిరుగుతుంది. ఆ మెట్టు మీదే తూనీగ తను అనబోయే మాటలన్నీ ఇంకోసారి వల్లె వేసుకుంది. గట్టిగా, మర్యాదగా, ఎక్కడా గొంతు వణక్కుండా.

పెద్దమ్మ ఒక్కతే ఉంది. కుళాయి దగ్గర నిలబడి, అరచేతిలో సబ్బు రుద్దుకుని, అందులో కుంచెలు గుండ్రంగా తిప్పుతోంది. మోకాలికి గుడ్డ కట్టుంది. తాడు కట్టిన కళ్ళజోడు గుండెల మీద వేలాడుతోంది.

“వచ్చావా? ఆ కిటికీ రెక్క తెరువు, వాసన పోతుంది.”

తూనీగ వల్లె వేసుకున్న మొదటి వాక్యం అక్కడే ఎగిరిపోయింది. వెళ్ళి కిటికీ తెరిచింది. తెరిచాక గుర్తొచ్చింది తను కోపంగా ఉన్నానని.

“పెద్దమ్మా, నేను క్షమాపణ చెప్పడానికి రాలేదు.”

“అడిగానా?”

“మీరు ఆ మాట వెనక్కి తీసుకోవాలి.”

“ఏ మాట?”

“మా అమ్మ కుట్టడం లేదన్న మాట.”

“కుట్టడం లేదుగా.”

“పెద్దమ్మా! మా అమ్మ నేను పుట్టకముందు నుంచి కుడుతోంది! మా వీధిలో సగం మంది ఒంటి మీద ఉన్నవి మా అమ్మ కుట్టిన బట్టలే!”

“మీ అమ్మ కుడుతుంది తల్లీ, ఎవరు కాదన్నారు? నీ బొమ్మలో ఆవిడే కుట్టడం లేదంటున్నాను.” పెద్దమ్మ కుంచె నీళ్ళు విదిలించి, వెలుగుకి ఎత్తి చూసి, పక్కన పెట్టింది. “ఇంకేమైనా ఉందా? అన్నీ ఒకేసారి కక్కేసెయ్. మెట్లెక్కి వచ్చావు.”

ఉంది. చాలా ఉంది. తూనీగ ఇక ఆగలేదు. “అసలు ఎవరి మాట వినాలి నేను? మీసాల బాబాయ్ వెనక గోడ నీలం చెయ్యమన్నాడు. ఆ చివర కూర్చునే టీచరమ్మ కుర్చీ తీసేసి పీట పెట్టమంది. ఇంకొకాయన అసలు ముసలాళ్ళ బొమ్మలు ఎవరూ కొనరన్నాడు. మీరేమో కుట్టడం లేదంటారు. అందరి మాటా వింటే చివరికి ఆ బొమ్మలో నాదంటూ ఏం మిగులుతుంది? నా సంతకమా?”

పెద్దమ్మ మొదటిసారి తల తిప్పి చూసింది. ముఖంలో కోపం లేదు సరిగదా, ఏదో దొరికినట్టు వెలిగింది.

“ఇదిగో, ఇదీ అడగాల్సిన మాట. శనివారం పీట దిగాక ఇది అడిగి ఉంటే నీకు ఈ మెట్లు తప్పేవి.” తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. “విను. గోడ నీలం చెయ్యమన్నాడే మీసాలాయన, వాడు ఎప్పుడైనా నీలం కాకుండా వేరే గోడ వేశాడా?”

తూనీగ ఆలోచించింది. నవ్వొచ్చింది. ఆపుకుంది. “లేదు.”

“చూశావా? వాడు వాడి బొమ్మ గురించి చెప్పాడు, నీ బొమ్మని చూస్తూ. మంచివాడే, ఏం తప్పు లేదు, ఒక నవ్వు నవ్వి వదిలెయ్. ‘నేనైతే ఇలా వేస్తాను’ అన్నవాళ్ళ మాట అలా వదిలేసుకోవచ్చు. కానీ ‘ఇక్కడ నా కన్ను ఆగింది’ అని ఎవరైనా అంటే మాత్రం చెవులు రిక్కించాలి. ఎందుకు ఆగిందో వాళ్ళకి తెలియకపోవచ్చు, ఏం చెయ్యాలో అసలే తెలియకపోవచ్చు. ఆగింది మాత్రం నిజం. అది నీ బొమ్మలోనే జరిగింది.”

“మరి మీ కన్ను ఎక్కడ ఆగింది?”

“చెప్తే నమ్మవు. కళ్ళు కనపడని మనిషిని కదా!”

తూనీగ ముఖం కందిపోయింది.

పెద్దమ్మ రెండు స్టూళ్ళు లాగింది. “కూర్చోబెట్టు నన్ను. నేను బొమ్మ వేసేదాన్ని, నువ్వు మీ అమ్మవి. ఆ రోజు ఎలా కూర్చున్నారో అచ్చం అలాగే.”

ఇందులో ఏం మెలిక ఉందో తూనీగకి అర్థం కాలేదు. అయినా స్టూళ్ళు సర్దింది. పెద్దమ్మ స్టూలు ఇటు, తన స్టూలు ఎదురుగా అటు. కిటికీ పెద్దమ్మకి ఎడమవైపు వచ్చేలా జరిపింది.

“కిటికీ నా ఎడమకే ఎందుకు?”

“మీరు వేసేది కుడిచేత్తో కదా. వెలుతురు ఎడమ నుంచి రాకపోతే మీ చేతి నీడ మీ కాగితం మీదే పడుతుంది.”

“భలే. ఎవరు నేర్పారు?”

“మీరే.”

“నేర్పాను. ఒప్పుకుంటున్నాను.” పెద్దమ్మ మేకుకి వేలాడుతున్న, రంగులేసేటప్పుడు తొడుక్కునే తన నల్ల కోటు తీసి తూనీగ ఒళ్ళో పడేసింది. దాని గుండీ ఒకటి ఒంటి పోగు మీద వేలాడుతోంది. ఏదో డబ్బాలోంచి సూది, దారం కూడా తీసిచ్చింది. “ఆ గుండీ కుట్టు. నేను నీ బొమ్మ వేస్తాను.”

“నాకు కుట్టడం వచ్చు పెద్దమ్మా. దర్జీ కూతుర్ని.”

“అందుకేగా ఇచ్చాను.”

పెద్దమ్మ కాగితం మీద పెన్సిల్ పెట్టింది. తూనీగ దారం కొస తడి చేసుకుని సూది ఎత్తింది. సూది కన్ను కనపడలేదు. సూది కొంచెం పైకెత్తి, మెడ వంచి, ఒక కన్ను మూసి ఎలాగో ఎక్కించింది. గుండీ పట్టుకుంది. ఇప్పుడు సూది దూర్చాల్సిన చోటు కనపడాలి కదా, కనపడదే! కోటు నల్లగా, గుండీ నల్లగా, వాటి మీద ఇంకేదో నల్లగా. చేయి ఇటు తిప్పింది, అటు తిప్పింది. సూది గుండీ బెజ్జంలో దిగాల్సింది వేల్లో దిగింది.

“అబ్బా!”

“కదలకు, ముక్కు వేస్తున్నా.”

“నాకేం కనపడటం లేదు పెద్దమ్మా. వెలుతురు కుడివైపు నుంచి వస్తోంది, నేను కుట్టేదీ కుడిచేత్తోనే, నా చేతి నీడే నాకు అడ్డం...”

సూది పట్టుకున్న చెయ్యి ఆపి కిటికీ వైపు తిరిగింది.

కింద కొట్లో ఎవరో సైకిల్ చక్రం తిప్పి వదిలారు. అది టకటకమంటూ తిరిగి తిరిగి ఆగింది.

ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు. ఇద్దరిదీ కుడిచేతి పని. మధ్యన ఒకే కిటికీ. ఒకరికి ఎడమైంది ఇంకొకరికి కుడి కాక ఏమవుతుంది? వెనక గదిలో కాన్వాస్ నిలబెట్టే ఈజిల్ పెట్టుకునేటప్పుడు తూనీగ తన చేతికి వెలుతురు చూసుకుంది. ఎంత శ్రద్ధగా చూసుకుందంటే మంచం కూడా జరిపించింది. అమ్మ చేతికి మిగిలింది నీడ.

“నా కన్ను ముందు ముఖం మీదికి వెళ్ళింది,” అంది పెద్దమ్మ, పెన్సిల్ ఆపకుండానే. “అందరి కన్నూ అక్కడికే వెళ్తుంది, నువ్వు అలా వేశావు. తర్వాత ఆవిడ చూపు పట్టుకుని కిందికి దిగాను, చేతి దగ్గరికి. చెయ్యి చీకట్లో ఉంది. వేళ్ళ మధ్య సూది ఉంది. సూదికి దారం లేదు. అక్కడ ఆగిపోయాను.”

“దారం లేదా?”

“నీ బొమ్మ తల్లీ! నన్నడుగుతావేం?”

తూనీగ కళ్ళు మూసుకుని బొమ్మ గుర్తు చేసుకుంది. సూది వేసింది. దాని మెరుపు కోసం తెలుపులో చిటికెడు పసుపు కలిపింది, అదీ గుర్తుంది. దారం... వేసిన గుర్తు లేదు. మర్చిపోయిందా? కాదు. తను చూసిందే వేస్తుంది, ఉన్నదేదీ వదలదు. అంటే...

“అక్కడ లేదు కాబట్టే వేయలేదు,” అంది గొంతు తగ్గించి.

“నీ చెయ్యి నిజమే చెప్పింది. నువ్వే దాన్ని ఎందుకని అడగలేదు. ఆ బుగ్గ మీద మెరుపు చూసుకుని మురిసిపోతున్నావు.”

ఇంకో రోజైతే ఈ మాటకి తూనీగ స్టూలు తన్నేసి లేచేది. ఇప్పుడు మాత్రం వేరే సంగతి బుర్రలో తిరుగుతోంది. ఆ బొమ్మని తను ఎన్నిసార్లు చూసి ఉంటుంది? వదిన ఎన్నిసార్లు చూసింది? హాల్లో అందరూ చూశారు. దారం లేదని ఒక్కరూ అనలేదు.

“పెద్దమ్మా, మీరు ఆ రోజు ఎంతసేపు చూశారు?”

“నువ్వు గోడని చూస్తూ కూర్చున్నంతసేపూ. మోకాలు లాగుతుంటే కూడా నిలబడ్డాను. ‘బాగుంది’ అనడానికి అంత నిలబడక్కర్లేదు. గుమ్మంలోంచే అనేసి టీ తాగడానికి వెళ్ళిపోవచ్చు.”

తూనీగకి ఏదో అనాలనిపించింది. తను వల్లె వేసుకొచ్చిన మాటల్లో దీనికి సరిపోయేది ఒక్కటీ లేదు. ఎవరో తన బొమ్మ ముందు, నొప్పి కాలితో, తను కూడా చూడనంత శ్రద్ధగా నిలబడ్డారు. దానికి తను ఇచ్చిన బహుమతి ‘మీకు కళ్ళు కనపడవు’.

“ఆ రోజు నేనలా...”

“క్షమాపణకి రాలేదన్నావుగా, ఇప్పుడు మొదలుపెట్టకు. నాకు పనుంది.” పెద్దమ్మ కాగితం చింపి చేతిలో పెట్టింది. అందులో తూనీగ నాలుక బయట పెట్టి, ఒక కన్ను మూసి, గుండీతో కుస్తీ పడుతోంది. ఎంత అచ్చంగా ఉందో, ఎంత ఘోరంగా ఉందో! “ఆ కోటు ఇంటికి పట్టుకెళ్ళి కుట్టి తీసుకురా. నీ వల్ల అయ్యేట్టు లేదు, మీ అమ్మకివ్వు.”

గుమ్మం దగ్గర తూనీగ ఆగింది. “పెద్దమ్మా, ఆ ప్రదర్శన సంగతి...”

“ఆ గది మాటలు ఈ గదిలోకి రావు. వెళ్ళు.”

పోయింది ఆ చోటు, అనుకుంది తూనీగ మెట్లు దిగుతూ. విచిత్రం ఏంటంటే, పోయిన వారం ఇవే మెట్లు ఏడుస్తూ దిగింది, ఈసారి రెండేసి చొప్పున గెంతుతూ దిగింది.

*

అమ్మ ముందుగదిలో తన చోట్లో ఉంది. వీధి కిటికీ పక్కన కుట్టు మిషను, దాని పక్కన చేతికుట్టు కోసం పొట్టి కుర్చీ. తూనీగ గుమ్మంలో నిలబడి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చూసింది. కిటికీ అమ్మకి ఎడమవైపు! మిషను అటు, కుర్చీ అటు, చివరికి దారపు ఉండల పెట్టె కూడా ఆ వెలుతురు దారికి అడ్డం రాకుండా ఇటు.

“అమ్మా, ఈ కోటుకి గుండీ కుట్టాలి. ఇంకో మాట. బొమ్మ వేసేటప్పుడు నీ సూదికి దారం ఉందా?”

అమ్మ దొంగతనం బయటపడినట్టు నవ్వింది. “కనిపెట్టేశావా?”

“లేదా?”

“మొదటి రోజు ఉంది. నిజంగానే కుట్టాను. అటు కూర్చుంటే నాకేం కనపడుతుందే? చొక్కా అంచు పాములా వంకర్లు పోయింది. అందుకని మర్నాటి నుంచి దారం తీసేసి ఉత్తినే ఆడించాను.”

“నాతో చెప్పొచ్చు కదమ్మా!”

“వెలుతురు అటే బాగుందన్నావు. పైగా నువ్వు అంత సేపు ఒక్కచోట కూర్చోవడం నేనెప్పుడు చూశాను? కదిపితే ఎగిరిపోతావేమోనని ఊరుకున్నా.”

వంటగదిలోంచి వదిన గరిటెతో సహా వచ్చేసింది. “ఆ వంకర అంచు విప్పింది ఎవరనుకున్నావ్? నేనే! వేళ్ళు పడిపోయాయి.”

“వదినా! నీకు ముందే తెలుసా? తెలిసి అద్భుతం అన్నావా?”

“బుగ్గ అద్భుతంగానే ఉందిగా! బొమ్మ ఎలా ఉందని అడిగావు, చెప్పాను. అత్తయ్య కుట్టేటప్పుడు అలా ఉంటారా అని అడిగావా? అడిగితే చెప్పేదాన్ని.”

తూనీగ వెనక గదిలోకి పరుగెత్తి, కాన్వాస్ మోసుకొచ్చి, ముందుగది గోడకి ఆనించింది. ఒక పీట వెతికి లాక్కొచ్చి, బొమ్మకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది.

“ఇదేంటే, అలిగావా?” అంది అమ్మ.

“లేదు. ఇద్దరూ బొమ్మ చూడండి. కన్ను ఎక్కడ ఆగుతుందో అది చెప్పండి. బాగుంది, బాలేదు వద్దు. నేను మాట్లాడను.”

తూనీగకి ఎదురుగా గోడ, గోడ మీద మేకు, మేకుకి కొలతల టేపు. వెనక ఇద్దరు మనుషులు నిజంగా చూస్తున్న నిశ్శబ్దం. చూపు వీపుకి తగులుతుందని ఇప్పుడే తెలిసింది ఆ పిల్లకి.

“ఈవిడెవరో తీరిగ్గా ఉంది,” అంది అమ్మ చివరికి. “నాకంత తీరిక ఉంటే ఎంత బాగుణ్ణు.”

తూనీగ పెదవి కొరుక్కుంది.

“మెడ,” అంది వదిన. గొంతులో ఎప్పుడూ ఉండే జేజేలు లేవు. “అత్తయ్య మెడ అంత నిటారుగా ఎప్పుడుంది? ఇలా కిందికి వంగిపోయి ఉంటుంది. సాయంత్రం నేను మందు రాసేది అక్కడే. అమ్మాయ్, ఇంకోటి... చెప్పనా?”

తూనీగ తల ఊపబోయి ఆగిపోయింది.

“కుట్టేటప్పుడు అత్తయ్య ముఖం మనకెప్పుడూ కనపడదు. నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో అదే అనుకున్నా. ఎప్పుడు చూసినా జడ, వీపు, ఆ కుడిచెయ్యి పైకి లేవడం. చేతిని చూసే చెప్పేదాన్ని, ఈ రోజు కోపంగా ఉన్నారో లేదో.”

పొగడటం తప్ప ఏమీ రాదనుకున్న వదిన! తూనీగకి ఆవిడని పట్టుకుని గిరగిరా తిప్పాలనిపించింది. అడిగిన తీరులోనే అంతా ఉంది. ఇన్నాళ్ళూ ‘ఎలా ఉంది’ అని అడిగి, ‘బాగుంది’ అని చెప్పించుకుని, అది చాలదని ఏడ్చింది.

పీట దిగింది. ఇద్దరికీ చెరో ముద్దు పెట్టింది. “గరిట! గరిట!” అని వదిన కేకలు.

ఇక పని. ఒకే కిటికీ ఇద్దరి చేతులకీ వెలుతురివ్వాలంటే ఎదురుగా కూర్చుంటే కుదరదు. పక్కన కూర్చోవాలి, ఒకే వైపు చూస్తూ. ఉతికిన బట్టల బుట్ట అవతలికి నెట్టి, అమ్మ కుడిభుజం వెనగ్గా ఈజిల్ పెట్టింది. అమ్మ ఈసారి తన కుర్చీలో తనకి నచ్చినట్టు కూర్చుంది. పెద్దమ్మ కోటు ఒళ్ళో వేసుకుని, దారం ఎక్కించి, కొస ముడేసి, గుండీ పట్టుకుంది. వెలుతురు ఎడమ నుంచి వచ్చి ఆ వేళ్ళ మీద, సూది మీద, సన్నగా సాగిన దారం మీద పడింది. ముఖం కనపడటం లేదు. చెవి, చెంప అంచు, వంగిన మెడ, అంతే. కానీ కుడుతోంది! ఆ వీపు చూస్తేనే తెలిసిపోతోంది.

కొత్త కాన్వాస్ బిగించి, పూత పూసి, అది ఆరేదాకా ఆగే ఓపిక తూనీగకెక్కడిది? టర్పెంటైన్‌లో గుడ్డ ముంచింది.

“ఏం చేస్తున్నావే?” అంది వదిన.

“ముఖం తీసేస్తున్నా. ఇక్కడ వీపు రావాలి.”

“బుగ్గే! ఆ బుగ్గ! ఆగవే! ఒకవేళ ప్రదర్శనకి ఇదే ఎంచుకుంటే?”

“కత్తెర ఉండగానా? పోయిందిలే వదినా అది. పోనీ.”

ముఖం మీద చివరిగా పూసిన పొర ఇంకా పచ్చిగానే ఉంది. గుడ్డ పెట్టి లాగితే బుగ్గ, పెదవులు, కళ్ళు కలిసి మట్టిరంగు మరకైపోయాయి. వదిన కళ్ళు మూసుకుంది. తూనీగ కుంచె ముంచి, ఆ మరక మీదే వంగిన మెడ గీత ఒకటి లాగింది. ఒక్క గీత. అమ్మ మెడ! చెయ్యి దానంతటదే కదిలిపోతోంది, పక్కన సూది లేచి దిగుతుంటే ఇక్కడ కుంచె లేచి దిగుతోంది.

ఫోన్ మోగింది. రంగు వేళ్ళతోనే ఎత్తింది.

“అభినందనలమ్మా!” అంది అవతలి గొంతు. ప్రదర్శన హాలు మేనేజరు. “కొత్తవాళ్ళ చోటు మీదే. ఫోటో చూసి ఎంచారు. రేపు పొద్దున్నే మనుషుల్ని పంపిస్తున్నాం, బొమ్మ సిద్ధంగా ఉంచండి.”

తూనీగ పక్కనున్న బుట్ట మీద కూలబడింది. “పెద్దమ్మగారు ఒప్పుకున్నారా?”

“ఒప్పుకోవడమేంటి! మిగతా ఇద్దరూ వద్దంటే ఆవిడే పట్టుబట్టారు. ‘ఈ పిల్ల తనకి అర్థం కానిది కూడా కనపడ్డది కనపడ్డట్టు వేసింది, అందంగా ఉండాలని దిద్దలేదు. మిగతాది నేర్చుకుంటుంది’ అన్నారు. ఆ మాటకి వాళ్ళు మెత్తబడ్డారు. పోయిన ఆదివారమే తేలిపోయింది, కబురు చెప్పడమే ఆలస్యమైంది.”

ఆదివారం. అంటే శనివారం తను హాల్లో అందరి ముందూ అరిచిన మర్నాడు. ఆ మాట చెవుల్లో ఇంకా గింగిర్లు తిరుగుతుండగానే ఆవిడ వెళ్ళి ఇద్దరితో తగువాడింది. ఈ రోజు ఎదురుగా కూర్చుని ముక్కు గీస్తూ ఒక్క ముక్క బయటపెట్టలేదు. తూనీగ కళ్ళ నిండా నీళ్ళు. థాంక్స్ చెప్పాలంటే మేనేజరుకి చెప్తే ఏం లాభం?

“ఇంకొకటమ్మా. మీ అమ్మగారి ముఖం అందరికీ తెగ నచ్చింది. ఆహ్వాన పత్రిక మీద అదే వేయిస్తున్నాం. వచ్చినవాళ్ళంతా ముందు ఆ ముఖాన్నే వెతుక్కుంటారు. తెచ్చేటప్పుడు దానికి గీత పడకుండా చూసుకోమని మావాళ్ళకి చెప్పాను. పంపించమంటారా?”

తూనీగ కాన్వాస్ వైపు చూసింది. మట్టిరంగు మరక. దాని మీద ఒకే ఒక్క గీత. ఇంత మంచి గీత తను పుట్టాక ఎప్పుడూ వేయలేదు.

“పంపండి,” అంది, ఏమంటున్నానో తనకే తెలియకుండా.

వదిన గరిట కింద పడేసింది. “ఏం పంపుతావే? ముఖం లేని అత్తయ్యనా?”

అమ్మ తల ఎత్తలేదు. దారం పంటితో పుటుక్కున తెంపి, సూదికి ఇంకో పోగు ఎక్కించుకుంది.

“వెలుతురు ఇంకో గంట ఉంటుంది,” అంది. “ఆ పాత ముఖమే మళ్ళీ కావాలంటే ఇటు తిరిగి కూర్చుంటా. వద్దంటే ఇలాగే ఉంటా. త్వరగా చెప్పు మరి, ఎటు కూర్చోను?”